సేంద్రియాహారము: ఒక విమర్శ

కూరగాయల అంగడిలో రెండు గంపలు ప్రక్కప్రక్కన ఉన్నవి. రెండింటిలోను వంకాయలే. ఒక గంపపై "సేంద్రియము" అను చీటి కలదు. దాని ధర రెండవ గంప ధరకు ఒకటిన్నర రెట్లు. రంగులోను, రూపములోను పెద్ద భేదము కనిపించదు. సంసారము జాగ్రత్తగా నడుపుకొను ఇల్లాలు ఆ రెండు గంపల నడుమ నిలిచి ఆలోచనలో పడును. వెంట వచ్చిన పిల్లవాడు మరునాడు బడిలో సైన్సు ఉపాధ్యాయుని అడుగును: "ఎక్కువ డబ్బిచ్చి అవే కొనవలెనా?"

ఈ ప్రశ్నకు సిద్ధముగా రెండు జవాబులు చెలామణిలో ఉన్నవి. సేంద్రియాహారము అమృతము, తక్కినది విషము అనునది ఒకటి. ఇదంతయు వర్తకుల మాయ అనునది మరియొకటి. రెండును తప్పుడు జవాబులే. ఏలయన, అడిగినది ఒక ప్రశ్నవలె కనిపించినను నిజమునకు అవి నాలుగు ప్రశ్నలు. సేంద్రియ పంటలో పోషక పదార్థములు ఎక్కువగా ఉండునా? పురుగు మందుల అవశేషములు తక్కువగా ఉండునా? ఆ పద్ధతి పండించువారికిని, నేలకును మేలు చేయునా? ఆ పద్ధతితో అందరికి చాలినంత తిండి పండునా? ఒక దానికి అవునని, వేరొక దానికి కాదని జవాబు రావచ్చును. ఒక ప్రశ్నకు దొరికిన సాక్ష్యమును మరొక ప్రశ్నకు అంటగట్టుటయే ఈ వివాదములోని గందరగోళమునకు మూలము.

మాటలోని చిక్కు

మొదట పేరునే పరిశీలింపవలెను. రసాయన శాస్త్రములో సేంద్రియ పదార్థమనగా కర్బన సమ్మేళనము. 1828లో జర్మను శాస్త్రజ్ఞుడు వోలర్ ప్రయోగశాలలో యూరియాను తయారుచేసి, జీవుల శరీరములలో పుట్టు పదార్థములను జీవశక్తి అవసరము లేకుండ చేయవచ్చునని చూపెను. ఆ లెక్కన యూరియా సేంద్రియ పదార్థమే. అయినను సేంద్రియ వ్యవసాయములో యూరియా వాడకము నిషిద్ధము. కృత్రిమమైన పురుగు మందులలో పెక్కు కర్బన సమ్మేళనములే, అవియు నిషిద్ధములే. మైలుతుత్తము కర్బనము లేని నిరింద్రియ లవణము. దానిని సున్నముతో కలిపి చేయు బోర్డో మిశ్రమమును మాత్రము కొన్ని హద్దులకు లోబడి సేంద్రియ సేద్యములో వాడనిత్తురు.

కావున అంగడిలోని "సేంద్రియ" శబ్దమునకును, పాఠ్యపుస్తకములోని "సేంద్రియ" శబ్దమునకును అర్థము వేరు. అంగడి మాట వస్తువు గుణమును చెప్పదు. అది పండిన పద్ధతిని మాత్రమే చెప్పును. కృత్రిమపు ఎరువులు, కృత్రిమపు పురుగు మందులు, జన్యు పరివర్తన చేసిన విత్తనములు వాడకుండ, పశువుల ఎరువు, పచ్చిరొట్ట, పంట మార్పిడి మొదలగు వానిపై ఆధారపడి పండించినదని దాని భావము. భారతదేశములో ఇందుకు ప్రమాణములు కలవు. 2001 నుండి జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమము అమలులో ఉన్నది. రైతులు బృందముగా ఏర్పడి ఒకరి పొలము నొకరు తనిఖీ చేసికొను పద్ధతికిని గుర్తింపు కలదు. 2017లో ఆహార భద్రతా ప్రమాణముల సంస్థ సేంద్రియాహారమునకు ప్రత్యేక నిబంధనలు చేసెను. "జైవిక్ భారత్" అను ముద్ర అప్పటిదే. రసాయనిక సేద్యము నుండి మారిన పొలములో ఏక వార్షిక పంటలకు రెండేండ్లు, తోటలకు మూడేండ్లు గడచినగాని పూర్తి ధ్రువపత్రము లభింపదు.

"రసాయనములు లేని ఆహారము" అను ప్రచారమునకు మాత్రము అర్థము లేదు. నీరును రసాయన పదార్థమే, వంకాయయు రసాయన పదార్థముల సముదాయమే. ప్రకృతిలో పుట్టినది సురక్షితమనుటయు అంతే. గన్నేరు పప్పు, ఉమ్మెత్త గింజలు, ముషిణి గింజలు ఏ కర్మాగారములోను తయారు కాలేదు. వేరుసెనగకు బూజు పట్టినపుడు పుట్టు అఫ్లటాక్సిను అను విషము కాలేయమునకు క్యాన్సరు కలిగింపగలదు. ఆ బూజు సేంద్రియపు కాయకును, మరొక కాయకును భేదము చూపదు.

నమ్మకము పుట్టిన తీరు

ఈ ఉద్యమ చరిత్రలో భారతదేశమునకు పెద్ద పాత్ర కలదు. ఆల్బర్ట్ హోవర్డు అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు 1924 నుండి 1931 వరకు ఇందూరులోని సస్య పరిశోధన సంస్థలో పనిచేసి, చెత్తను, పేడను కలిపి మాగబెట్టు "ఇందూరు పద్ధతి"ని రూపొందించెను. భారతీయ రైతుల అనుభవమునుండి తాను నేర్చుకొంటినని ఆయన దాచక చెప్పెను. 1940లో వెలువడిన ఆయన వ్యవసాయ గ్రంథము ఈ ఉద్యమమునకు పునాదియైనది.

అదే కాలమున నీలగిరులలోని కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ ఆహార పరిశోధనలు జరుపుచుండెను. ఆ పరిశోధనాలయమే 1958లో హైదరాబాదునకు తరలి వచ్చి, 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థయైనది. 1926లో మెక్‌కారిసన్, విశ్వనాథ్ అను వ్యవసాయ రసాయన శాస్త్రజ్ఞునితో కలిసి ఒక ప్రయోగ ఫలితమును ప్రకటించెను. పశువుల ఎరువుతో పండిన చిరుధాన్యము, గోధుమ రసాయనిక ఎరువుతో పండిన వానికంటె పోషక శక్తిలో మిన్నయని అందలి సారాంశము. ఎలుకలకు వేర్వేరు ప్రాంతముల ఆహారములను పెట్టి ఆయన చేసిన ప్రయోగములును ప్రసిద్ధములే. గోధుమ రొట్టె, పాలు, పప్పు, కూరలు తిన్న ఎలుకలు బలముగా పెరిగినవి. పాలు, కూరలు కొరవడిన తిండి తిన్నవి క్షీణించినవి. సేంద్రియవాదులు ఈ ఫలితమును తరచు ఉదాహరింతురు. కాని ఇక్కడ మారినది తిండిలోని పదార్థములే గాని, పొలములో వేసిన ఎరువు కాదు. పాలు, కూరలు తినవలెననుటకు ఇది గొప్ప సాక్ష్యము. ఏ ఎరువుతో పండినవి తినవలెనన్న ప్రశ్నకు ఇది సాక్ష్యమే కాదు.

ఇంగ్లండులో ఈవ్ బాల్ఫర్ అను విదుషి ఈ భావములను పరీక్షింప దలచి 1939లో సఫక్ మండలములోని హాలీ గ్రామమున తన పొలమును మూడు భాగములు చేసెను. ఒకటి సేంద్రియము, ఒకటి పశువులు లేక రసాయనిక ఎరువులతో సాగునది, ఒకటి మిశ్రమము. 1943లో ఆమె గ్రంథము వెలువడినది. 1946లో ఆమె పూనికతో "సాయిల్ అసోసియేషన్" ఏర్పడినది. ప్రయోగము దాదాపు ముప్పది సంవత్సరములు సాగెను. అంత ఓపిక ప్రశంసింపదగినదే. కాని ప్రయోగ రచనలో పెద్ద లోపము ఉండెను. ఒక్కొక్క పద్ధతికి ఒక్కొక్క భూభాగమే కేటాయింపబడినది. రెండు భాగముల ఫలితములలో భేదము కనిపించినపుడు అది పద్ధతివలన కలిగినదా, లేక ఆ చెక్క నేల స్వభావమే వేరా అని తేల్చుటకు దారి లేకపోయెను. ఒకే పద్ధతిని అనేకమైన మళ్ళలో, చీట్లు వేసి నిర్ణయించిన క్రమములో పరీక్షింపవలెనని రోనాల్డ్ ఫిషర్ 1935 నాటికే తన గ్రంథములో వివరించియుండెను. హాలీ ప్రయోగము ఆ నియమమును పాటింపలేదు. నమ్మకము బలముగా ఉన్నచోట ప్రయోగము బలహీనముగా ఉండుట ఈ చరిత్రలో పలుమార్లు కనిపించును.

పోషక విలువల లెక్క

మొక్కకు నత్రజని కావలెను. అది వేళ్ళ ద్వారా ముఖ్యముగా నైట్రేటు రూపములోను, అమ్మోనియము రూపములోను లోనికి పోవును. పేడలోని నత్రజనియు సూక్ష్మజీవుల చేత విచ్ఛిన్నమై ఆ రూపములకు మారిన పిదపనే మొక్కకు అందును. లోపలికి చేరిన నైట్రేటు పేడ నుండి వచ్చినదా, బస్తా నుండి వచ్చినదా అని మొక్క గుర్తింపజాలదు. అందువలన రెండు పంటలలోని పిండిపదార్థము, మాంసకృత్తులు, లవణములు ఇంచుమించు సమానముగా ఉండవలెనని శాస్త్రము సూచించును. అయితే అందు వేగములో భేదము కలదు. యూరియా నుండి నత్రజని త్వరగా అందుటచే మొక్క ఏపుగా పెరిగి మాంసకృత్తులను కొంచెము ఎక్కువగా చేర్చుకొనును. నత్రజని మెల్లగా అందిన మొక్కలలో తెగుళ్ళను ఎదుర్కొను ఫినాలు జాతి పదార్థములు కొంత ఎక్కువగా తయారగును.

పరిశీలనలు ఏమి చెప్పుచున్నవి? 2009లో బ్రిటిషు ఆహార ప్రమాణ సంస్థ కోరికపై లండనులోని శాస్త్రజ్ఞులు అర్ధ శతాబ్దపు పరిశోధనలను వడపోసిరి. విషయమునకు సంబంధించిన 162 పరిశోధనలలో తృప్తికరమైన నాణ్యత గలవి 55 మాత్రమే. వాని ననుసరించి పంటలలోని 11 పోషక వర్గములలో 8 ఇంటిలో భేదము లేదు. 2012లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయము వారు రెండు వందలకు పైగా పరిశోధనలను పరిశీలించి, సేంద్రియాహారము పోషణలో మిన్నయనుటకు బలమైన సాక్ష్యము లేదనిరి. 2014లో న్యూకాసిల్ విశ్వవిద్యాలయ బృందము 343 ప్రచురణలను కూర్చి వేరు మాట చెప్పెను. సేంద్రియ పంటలలో ఆక్సీకరణమును నిరోధించు పదార్థములు సగటున 17 శాతము ఎక్కువ, కాడ్మియము అను హానికర లోహము 48 శాతము తక్కువ అని వారు తేల్చిరి. ఈ బృందమునకు లభించిన ధనములో కొంత సేంద్రియ సేద్యమును ప్రోత్సహించు ఒక ధర్మనిధి నుండి వచ్చినది. ఆ సంగతి వారే ప్రకటించిరి.

ఇంచుమించు ఒకే పరిశోధనల రాశి నుండి విభిన్నమైన తీర్పులు వచ్చుట చూచి విద్యార్థి కలవరపడనక్కరలేదు. ఏ పరిశోధనను లెక్కలోనికి తీసికొనవలెను, దేనిని వదలవలెను, ఏ పదార్థములను కొలువవలెను అను నిర్ణయములు మారినచో సగటు మారును. అంతకు మించిన చిక్కు మరియొకటి కలదు. ఒక టమాటాలోని సి విటమిను దాని రకమును బట్టి, పండిన స్థితిని బట్టి, ఎండను బట్టి, కోసిన తరువాత గడచిన దినములను బట్టి మారును. ఈ మార్పుల ముందు సేద్య పద్ధతివలన కలుగు భేదము తరచు చిన్నది. ఆక్సీకరణ నిరోధకములు 17 శాతము పెరిగిన కూర తిన్నవాని ఆరోగ్యము దానివలన మెరుగుపడునని ఎవరును ఇంతవరకు ఋజువు చేయలేదు. కాడ్మియము తగ్గుదల మాత్రము నిజమైనచో మేలే. కొన్ని ఫాస్ఫేటు ఎరువులలో ఆ లోహము మాలిన్యముగా ఉండుట తెలిసిన సంగతి.

పాల విషయమును ఇట్టిదే. సేంద్రియ పాలలో ఒమేగా-3 జాతి కొవ్వులు సుమారు 50 శాతము ఎక్కువని 2016లో అదే న్యూకాసిల్ బృందము ప్రకటించినది. దీనికి ముఖ్య కారణము పశువులు పచ్చగడ్డి మేయుట. చీటి లేకున్నను పచ్చికలో మేసిన పశువు పాలలో ఆ గుణము కనిపించును. మొత్తము పాలలో ఆ కొవ్వుల పరిమాణమే చాల తక్కువ గనుక తిండిలో అది తెచ్చు మార్పు స్వల్పము.

రోగము, ఆరోగ్యము: గణాంకముల బోను

2018లో ఫ్రాన్సు నుండి వచ్చిన ఒక వార్త చాలమందిని ఆకర్షించినది. 68,946 మందిని సుమారు నాలుగున్నర సంవత్సరములు గమనింపగా, సేంద్రియాహారము అందరికంటె ఎక్కువగా తినువారికి క్యాన్సరు సోకు అవకాశము తక్కువగా తిను వారికంటె 25 శాతము తక్కువగా కనిపించినది. దీనికి నాలుగేండ్ల ముందు, 2014లో, బ్రిటనులో 6,23,080 మంది స్త్రీలను తొమ్మిదేండ్లకు పైగా గమనించిన పరిశోధనలో మొత్తముమీద క్యాన్సరులో అట్టి తగ్గుదల కనిపింపలేదు. ఒక జాతి రక్త సంబంధమైన క్యాన్సరు మాత్రము రెండింటిలోను కొంత తక్కువగా ఉండెను.

ఇట్టి గణాంకములను చదువునపుడు ఒక చిన్న ఉదాహరణము జ్ఞాపకముంచుకొనవలెను. ఒక పాఠశాలలో సైకిలుపై వచ్చు విద్యార్థులకు ఎక్కువ మార్కులు వచ్చుచున్నవని లెక్కలో తేలినదనుకొనుడు. సైకిలు తొక్కుట వలన లెక్కలు వచ్చునా? సైకిలు కొనగలిగిన ఇంటిలో పుస్తకములు, దీపము, చదువుకొను తీరిక ఉండుట అసలు కారణము కావచ్చును. సేంద్రియాహారము కొనువారు సగటున ఎక్కువ చదివినవారు, ఎక్కువ ఆదాయము గలవారు. వారు పొగ తక్కువ త్రాగుదురు, కూరలు, పండ్లు ఎక్కువ తిందురు. పరిశోధకులు ఈ భేదములను లెక్కగట్టి తీసివేయుటకు ప్రయత్నింతురు గాని పూర్తిగా తీసివేయుట సాధ్యము కాదు. కనుక ఫ్రాన్సు ఫలితము పరీక్షింపదగిన సూచన మాత్రమే, తీర్పు కాదు.

అవశేషముల మాట

పురుగు మందుల అవశేషముల విషయములో మాత్రము సేంద్రియ పక్షమునకు గట్టి సాక్ష్యము కలదు. స్టాన్‌ఫర్డ్ పరిశీలనలో సేంద్రియ నమూనాలలో 7 శాతమందును, తక్కినవానిలో 38 శాతమందును అవశేషములు కనిపించినవి. న్యూకాసిల్ వారి లెక్కలో ఈ భేదము నాలుగు రెట్లు. 2006లో అమెరికాలో 23 మంది బడిపిల్లలకు కొన్నిదినములు సేంద్రియాహారము పెట్టగా, వారి మూత్రములో మలాథియాను, క్లోర్‌పైరిఫాసు అను మందుల జాడలు దాదాపు మాయమైనవి. పాత తిండికి మరలగానే తిరిగి కనిపించినవి. ఇది కేవలము నమ్మకము కాదు, కొలత.

అయినను "కనిపించుట" వేరు, "హాని చేయుట" వేరు. నేటి యంత్రములు కోటి భాగములలో ఒక భాగమునైనను పట్టగలవు. విషత్వము మోతాదును బట్టి ఉండును. దినసరి హద్దును నిర్ణయించు విధము ఇట్టిది: ఒక మందును జంతువులకు ఇచ్చి, శరీరపు కిలో బరువునకు 10 మిల్లీగ్రాముల వరకు ఏ హానియు కనిపింపలేదనుకొందము. దానిని సాధారణముగా 100 చేత భాగించి 0.1 మిల్లీగ్రామును మనుష్యునికి హద్దుగా నియమింతురు. 50 కిలోల మనిషికి అది దినమునకు 5 మిల్లీగ్రాములగును. నియమముల ననుసరించి పండించిన పంటలో అవశేషములు సామాన్యముగా ఈ హద్దుకు చాల దిగువన ఉండును.

రెండవ వైపు వాదమునకును బలము కలదు. హద్దులు ఒక్కొక్క మందుకు వేర్వేరుగా నిర్ణయింపబడినవి. తినువాని పళ్ళెములోనికి అవి కలిసి వచ్చును. గర్భస్థ శిశువు, పసిపిల్లలు పెద్దలకంటె సుకుమారులు. అన్నిటికంటె ముఖ్యముగా, హద్దు కాగితముమీద ఉన్నంత మాత్రమున పొలములో ఉండదు. మందు కొట్టిన తరువాత కోతకు ఆగవలసిన దినములు ఆగక మరునాడే కాయలు కోసి సంతకు పంపినచో నూరు రెట్ల భద్రత కరగిపోవును. నీటిలో బాగుగా కడిగినచో పైనున్న మందు కొంత పోవును, తొక్క తీసినచో మరికొంత పోవును; మొక్క లోనికి ఇంకిన మందు మాత్రము పోదు.

సేంద్రియమన్న చీటి అన్ని అపాయములనుండియు రక్షింపజాలదు. 2011లో జర్మనీలో మెంతి మొలకల ద్వారా వ్యాపించిన ఒక బాక్టీరియము వలన యాభై మందికి పైగా మరణించిరి. ఆ మొలకలు పెంచినది ఒక సేంద్రియ క్షేత్రము. కలుషితమైన విత్తనములు దూరదేశమునుండి వచ్చినవి. తప్పు సేంద్రియ పద్ధతిది కాదు. కాని చీటి ఆ సూక్ష్మజీవిని అడ్డగింపలేదు. మాగని పేడ వేసిన ఆకుకూరలను సరిగా కడుగక పచ్చిగా తినుటయు ఇట్టి అపాయమే.

మందు కొట్టువాని సంగతి

ఈ వివాదమంతయు తినువాని చుట్టు తిరుగుట ఒక పెద్ద పొరపాటు. పురుగు మందు మొదట తాకునది తినువానిని కాదు, దానిని కలిపి వీపున డబ్బా మోసి కొట్టు కూలివానిని. అతనికి అందు మోతాదు తినువానికి అందు దానికంటె ఎన్నో రెట్లు. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో ప్రత్తి చేలలో మందు కొట్టిన కూలీలు ఇరువదిమందికి పైగా మరణించిరి. కేరళలోని కాసరగోడు జీడిమామిడి తోటలపై 2000 వరకు విమానములనుండి ఎండోసల్ఫాను చల్లిన ఫలితముగా పరిసర గ్రామములు దీర్ఘకాలము బాధపడినవి. 2011లో సుప్రీము కోర్టు దేశమంతట ఆ మందును నిలిపివేసినది. తెలుగు నేలపై 1997-98లో ఓరుగల్లు ప్రాంతపు ప్రత్తి రైతుల ఆత్మహత్యలు మందుల ఖర్చు, అప్పు, పంటనష్టము కలిసి ఎట్టి విపత్తు తేగలవో చూపినవి.

ఆ అనుభవమునుండియే ఒక మధ్యమార్గము పుట్టినది. నాటి ఖమ్మము జిల్లాలోని పునుకుల గ్రామస్థులు 2000 తరువాతి తొలి సంవత్సరములలో పురుగు మందులను పూర్తిగా మానివేసిరి. వేప కషాయము, ఎర పంటలు, పక్షి స్థావరములు, గ్రుడ్ల దశలోనే పురుగును గుర్తించుట మొదలగు ఉపాయములతో ప్రత్తి పండించిరి. తరువాత ఈ పద్ధతి ప్రభుత్వ కార్యక్రమముగా వేలాది గ్రామములకు ప్రాకెను. ఇందు రసాయనిక ఎరువును తప్పక మానవలెనన్న పట్టుదల లేదు. అనగా ఇది ధ్రువపత్రము గల సేంద్రియ సేద్యము కాదు. కాని మనుష్యులకు అన్నిటికంటె కీడు చేయు భాగమును ముందుగా తొలగించినది. సేంద్రియమా, రసాయనికమా అను రెండు పెట్టెల విభజన ఎంత మోటుదో దీనివలన తెలియును.

నేల, దిగుబడి

ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్‌లో లాస్, గిల్బర్టు అనువారు 1843లో మొదలుపెట్టిన గోధుమ ప్రయోగము నేటికిని సాగుచున్నది. ఒక మడికి ఏటేట పశువుల ఎరువు, ఇతర మళ్ళకు వేర్వేరు రసాయనిక ఎరువులు వేయుచు వచ్చిరి. తగిన మోతాదులో రసాయనిక ఎరువు వేసిన మళ్ళును, పశువుల ఎరువు వేసిన మడియు ఇంచుమించు సమానముగా పండినవి. రసాయనిక ఎరువు నేలను గొడ్డుపోవ జేయునను మాటకు ఇది జవాబు. అయితే పశువుల ఎరువు వేసిన మడిలో నేలలోని సేంద్రియ కర్బనము రెండు రెట్లకు మించి పెరిగినది. నేల గుల్లయై నీటిని బాగుగా పట్టుకొన్నది. ఎండకు, వానకు నలుగు తెలంగాణపు చల్క నేలలకు ఈ గుణము చాల విలువైనది.

ఇక చిక్కు ఎక్కడ? ఆ మడికి వేసినది ఏటా ఎకరమునకు సుమారు 14 టన్నుల ఎరువు! లెక్క చూడుడు. మాగిన పశువుల ఎరువులో నత్రజని సుమారు అర శాతము. టన్నుకు 5 కిలోలు. ఒక ఎకరమునకు 40 కిలోల నత్రజని కావలెనన్నచో 8 టన్నులు తోలవలెను. అందులోను మొదటి యేడు మొక్కకు అందునది కొంతయే. యూరియాలో నత్రజని 46 శాతము గనుక అదే నత్రజని రెండు బస్తాలలోనికి ఇముడును. దుక్కిటెడ్లు పోయి ట్రాక్టర్లు వచ్చిన ఊళ్ళలో అన్ని టన్నుల పేడ ఎక్కడిది? జనుము, జీలుగ, పిల్లిపెసర వంటి పచ్చిరొట్ట పైరులు గాలిలోని నత్రజనిని నేలకు చేర్చగలవు. కాని వానికి కాలము, తడి కావలెను.

ప్రపంచమునందలి పరిశోధనలను కూర్చి 2012లో ప్రకటించిన ఒక విశ్లేషణ ప్రకారము సేంద్రియ దిగుబడి పంటను, పరిస్థితులను బట్టి 5 నుండి 34 శాతము వరకు తక్కువ. 2014 నాటి మరొక విశ్లేషణలో ఈ లోటు సుమారు 19 శాతము. శ్రీలంక ప్రభుత్వము 2021 మే నెలలో రసాయనిక ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా నిషేధించి, వరి దిగుబడి పడిపోవుచుండుట చూచి అదే నవంబరులో నిషేధమును ఎత్తివేసెను. ఇది సేంద్రియ సేద్యము అసాధ్యమని ఋజువు చేయలేదు; పేడ, పచ్చిరొట్ట, నైపుణ్యము ప్రభుత్వ ఉత్తర్వుతో రాత్రికి రాత్రి పుట్టవని మాత్రము ఋజువు చేసినది. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుండి రైతులకు గ్రామ స్థాయిలో నేర్పుచు నడుచుచున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమము దీనికి భిన్నమైన దారి. దాని ఫలితములనుకూడ అభిమానముతో గాక, పొలమునకు పొలము కొలచి చూచినపుడే విలువ తెలియును.

తీర్పు

ఆ ఇల్లాలు ఇంకను గంపల నడుమ నిలిచియే యున్నది. ఆమెకు చెప్పదగిన మాట యేది?

కూరలకు ఆమె దగ్గర 120 రూపాయలున్నవనుకొందము. మామూలు కూర కిలో 40, సేంద్రియము 60. మొదటిది మూడు కిలోలు వచ్చును, రెండవది రెండు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా ప్రకారము మనిషికి దినమునకు కనీసము 400 గ్రాముల కూరలు, పండ్లు అవసరము. అంత తినని ఇంటిలో ఒక కిలో కూర తగ్గించి సేంద్రియము కొనుట లాభము కాదు, నష్టము. కూరలు, పండ్లు ఎక్కువగా తినుటవలని మేలుకు సాక్ష్యము గట్టిది. సేంద్రియముగా తినుటవలని మేలుకు సాక్ష్యము పలుచనిది. ఏ కూరనైనను ధార నీటిలో కడిగి, బూజు పట్టినది పారవేసి, ఎక్కువగా తినుట మొదటి ధర్మము.

చాలినంత తిని, మిగులు గల ఇంటివారు, ముఖ్యముగా గర్భిణులు, పసిపిల్లలు గలవారు, అవశేషములు తగ్గించుకొనుటకై నమ్మదగిన ముద్ర చూచి కొనుట అవివేకము కాదు. విటమినులు ఎక్కువ వచ్చునని మాత్రము కొననక్కరలేదు. మందు కొట్టు కూలివాని ఊపిరి, ఊరి చెరువు, నేల గుల్లదనము తమ కొనుగోలు వలన కాపాడబడవలెనని కోరువారికి కారణము మరింత బలమైనది. అయితే ఆ కార్యము చీటి గల గంపవలన మాత్రమే నెరవేరదు. మందులను తగ్గించు సేద్యమును నేర్పు గ్రామ కార్యకర్త, కూలికి రక్షణ దుస్తులు ఇచ్చు రైతు, అంగడిలో నమూనాలు తీసి పరీక్షించు అధికారి కూడ కావలెను. ధనవంతుడు తన పళ్ళెమును శుభ్రపరచుకొన్నంత మాత్రమున బీదవాని పళ్ళెము శుభ్రపడదు.

బడిలో అడిగిన పిల్లవానికి మాత్రము జవాబుతో పాటు పనిని కూడ ఇయ్యవచ్చును. పాఠశాల తోటలో సమానమైన ఎనిమిది చిన్న మళ్ళు కట్టవలెను. నాలుగింటికి మాగిన పశువుల ఎరువు, నాలుగింటికి యూరియా, ఇతర ఎరువులు, నత్రజని సమానమగునట్లు తూచి వేయవలెను. ఏ మడికి ఏది అన్నది చీట్లు తీసి నిర్ణయింపవలెను. ఒకే రకము తోటకూర విత్తి, ఒకే రోజున కోసి, ఎవరిది ఏ మడియో తెలియని విద్యార్థులచేత తూకము వేయింపవలెను. రుచి చూచుటయు అట్లే కన్నులు మూసికొని జరుగవలెను. ముప్పది సంవత్సరముల హాలీ ప్రయోగములో లోపించిన నియమము ఆ నలుబది దినములలో పిల్లలకు అబ్బును. ఫలితము ఏ పక్షమునకు అనుకూలించినను, ఎవరైన గొంతెత్తి "అమృతము" అన్నపుడు గాని "విషము" అన్నపుడు గాని "ఎన్ని మళ్ళలో చూచితిరి?" అని అడుగుట వారికి అలవాటగును.